దంతం లోపలి గీతలు

“ఇంకోసారి చెప్పు ఎర్రిబాబూ. పెన్ను కోసిందెవరు?”

“నానేనండి.”

“కొయ్యమన్నదెవరు?”

“అయ్యగారేనండి. ఆరి నోటితోనే అన్నారు.”

గోడవారగా నిలబడ్డ సీఐ సాయిశ్రీనివాస్ గడియారం చూసుకున్నాడు. పది దాటి ఐదు నిమిషాలు.

“నిన్న సాయంత్రం నుంచీ ఇదే మాట మేడమ్. నాలుగు లక్షలు విలువ చేసే పెన్నుని దాని యజమానే రంపం పెట్టించి కోయించాడట. మూడింటికి వీణ్ణి కోర్టులో హాజరు పరచాలి. అంతవరకూ అడగండి, నాకేం అభ్యంతరం లేదు.”

విశాఖపట్నంలో పద్నాలుగేళ్లు దస్తావేజులు పరీక్షించే నిపుణురాలిగా పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి సుప్రియ. నిన్న రాత్రి ఈ ఇంటి నుంచే ఫోన్ వచ్చింది. చనిపోయినాయన భార్య సత్యలక్ష్మి ఏడవకుండా రెండే మాటలు చెప్పింది. “మా ఎర్రిబాబు ఈ పని చెయ్యలేదమ్మా. మీరొచ్చి చూడండి.”

చనిపోయింది బెల్లం వ్యాపారి కాండ్రేగుల శ్రీరామచంద్రమూర్తి. వయసు అరవై ఎనిమిది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి వంటమనిషి గురువమ్మ భోజనానికి పిలవడానికి మేడ మీదికి వచ్చి, ఈ గదిలోనే, ఈ పాలరాతి బల్ల పక్కనే ఆయన శవాన్ని చూసింది. తల వెనక దెబ్బ. బల్ల అంచుకి రక్తం. ఎవరో ఎదురుగా నిలబడి బలంగా తోస్తే తగిలిన దెబ్బ అని పోస్టుమార్టం చేసిన డాక్టరు తేల్చాడు. ప్రాణం పోయింది పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య.

“మీ లెక్క నాకు ఒకసారి వరసగా చెప్పండి సీఐ గారూ,” అంది సుప్రియ.

“ఎనిమిదిన్నరకి మూర్తిగారు వీడికి ఫోన్ చేసి రమ్మన్నారు. ఆ ఫోన్లోంచి ఆ రోజు వెళ్లిన ఆఖరి కాల్ అదే. పదకొండుకి వీడు ముందు గేటులోంచి లోపలికొచ్చాడు. పదకొండు ఇరవై ఐదుకి బయటికి వెళ్లాడు. ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరాలో రెండూ ఉన్నాయి. మధ్యలో పైనుంచి గట్టిగా మాటలు వినబడ్డాయని వంటమనిషి చెప్పింది. ఏనుగు దంతం లాంటి ఆ తెల్ల పెన్ను గదిలో లేదు. వీడి సంచిలో రంపానికి దంతప్పొడి అంటుకుని ఉంది. పదకొండు యాభై రెండుకి కాంప్లెక్స్‌లో ఎలమంచిలి బస్సెక్కి పారిపోయాడు. టికెట్ వీడి జేబులోనే దొరికింది. ఇంతకంటే ఏం కావాలి?”

“పెన్ను దొరికిందా?”

“దారిలో ఎక్కడో దాచేశాడు. చెప్తాడు.”

ఎర్రిబాబు తల ఎత్తలేదు. నలభై ఐదేళ్లుంటాయి. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు తిప్పే పనివాడు. పదకొండేళ్లుగా మూర్తిగారికి పెన్నులు చేసి ఇస్తున్నాడు. రెండు చేతుల వేళ్ల చివర్లకీ ఎర్ర లక్క రంగు పట్టేసి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు అతనికి చెరో పక్కన నిలబడ్డారు.

సుప్రియ బల్ల పక్కనున్న బీరువా తెరిచింది. అందులో పన్నెండు అరలు. ప్రతి అరలో నల్ల మఖ్మల్ గుడ్డ మీద పన్నెండు గుంటలు, గుంటకో పెన్ను, పెన్ను కింద చిన్న కాగితం మీద అంకె. పై అరలో గట్టి రబ్బరుతో చేసిన ఎబొనైట్ పెన్నులు. ఒకదాన్ని తీసి బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూసింది. గంధకం వాసన. రెండో అరలో గేదె కొమ్ముతో చేసినవి, చందనం చెక్కతో చేసినవి. మూడో అరలో అంకుడు కర్రకి లక్క పట్టించినవి. అవి ఎర్రిబాబు చేతివే అయి ఉండాలి. కింది అరల్లో తేనె రంగు అంబర్, జపాన్ నుంచి తెప్పించిన పొరలు పొరల లక్కపని, ఆకాశం నుంచి పడ్డ ఉల్క ముక్కని కోసి తొడిగిన ఉక్కురంగు పెన్ను.

నాలుగైదు పెన్నుల మూతలు తీసి పాళీలు చూసింది. ఒక్కదాని మీదా ఎండిన సిరా చుక్క లేదు. ఒక్కదాని ఒంటి మీదా గీత లేదు. పెన్నుల్ని తుడవడానికి ఆయన వాడే గుడ్డలు వేరువేరుగా మడతపెట్టి ఉన్నాయి. కొమ్ముకొకటి, లక్కకొకటి, వెండికొకటి.

ఆఖరి అరలో ఆఖరి గుంట ఖాళీ. కింద కాగితం మీద నూట నలభై నాలుగు.

“ఇంత జాగ్రత్త మనిషి పెన్ను కొయ్యమంటాడా మేడమ్?” అన్నాడు సీఐ ఆమె వెనకనుంచి.

“అదే నేనూ అడుగుతున్నాను,” అని సుప్రియ ఎర్రిబాబు వైపు తిరిగింది. “ఆ పెన్ను నువ్వు చేసిందేనా?”

“నానేనండి. రొండు నెల్ల కిందట అయ్యగారు జానెడు దంతం సేతిలో ఎట్టేరు. మామత్ అంటారు దీన్ని, ఏనుగుకి తాతలాంటి జంతువు, ఏల ఏళ్ల కిందట మంచులో కప్పడిపోనాది, అది తవ్వి తీత్తారు, దీనికి కేసులూ గీసులూ ఉండవు అన్నారు. పదెనిమిది రోజులు పట్టిందండి. నా సేత్తో అంత మంచి పని మరి సెయ్యలేదు.”

“మంగళవారం ఏం జరిగింది?”

“నానొచ్చేసరికి ఆ పెన్ను సేత్తో అట్టుకుని కిటికీ కాడ నిలబడున్నారండి. తోక కాడ అరంగుళం కొయ్యరా, అడ్డంగా, లోపల మొకం సూడాలి అన్నారు. ఏటి బాబూ ఏటంటన్నారు అన్నాను. కోప్పడ్డారు. నాను కాళ్లట్టుకున్నాను. గట్టిగా అరిసేను కూడా. గురువమ్మ ఇన్నది అదేనండి.”

“ఎందుకు కొయ్యాలో చెప్పలేదా?”

ఎర్రిబాబు కిటికీ వైపు చూస్తూ అన్నాడు. “నలభై ఏళ్లు ప్రతి బెల్లం దిమ్మా పగలగొట్టి, లోపల పలుకు సూసే కొన్నానురా, దీన్నొక్కదాన్నీ సూడకుండా కొన్నాను అన్నారండి. అనేసి కుర్చీలో కూకుండిపోనారు. ఆరి మొకం సూసి మరి కాదనలేకపోనాను. లేతు మీద కొద్దామంటే కరెంటు నేదండి. సేతి రంపంతో కోసేను. కోసిన ముక్కా, పెన్నూ ఆరి సేతిలోనే ఎట్టి ఎల్లిపోనాను.”

“కరెంటు లేదా?” సుప్రియ వెంటనే సీఐని చూసింది.

“నిజమే. ఈ వీధికి మంగళవారం లైన్ల పని. పదీ యాభైకి తీసి పదకొండూ నలభై ఐదుకి ఇచ్చారు. ఆ మెసేజ్ మా స్టేషన్‌కీ వచ్చింది. మందుల షాపు కెమెరాకి వాళ్ల ఇన్వర్టర్ ఉంది. దాంతో మనకేంటి?”

“ఇంకా తెలీదు.”

ఆమె గదిని మళ్లీ మొదటినుంచీ చూడటం మొదలుపెట్టింది. కిటికీ కింద ఎర్రిబాబు చెప్పిన చిన్న లేతు, చెక్కని గిరగిరా తిప్పి చెక్కే మెషీను. దాని పక్కన నేల మీద పిండిలాంటి దంతప్పొడి. పోలీసులు అక్కడ గీత గీసి ఫొటో తీసుకున్నారు. అక్కడినుంచి బల్ల దాకా పొడి లేదు. గది ఇటు చివర, ఎత్తు స్టూలు మీద, ఒక పాత జిరాక్స్ మెషీన్ ఉంది. స్కానరూ ప్రింటరూ కలిసి ఉండే రకం. బెల్లం కొట్లో వాడి, పాతబడ్డాక ఇంటికి తెచ్చుకున్నట్టుంది.

“దీని మీద ముద్రలు తీశారా?”

“బయట తీశాం. మూర్తిగారివే.”

“మూత ఎత్తారా?”

సీఐ తల అడ్డంగా ఊపాడు. సుప్రియ చేతికి తొడుగు వేసుకుని మూత ఎత్తింది. గాజు మధ్యలో చిటికెన వేలి గోరంత గుండ్రటి తెల్ల మరక. వంగి, పక్కనుంచి టార్చి వేసింది. అది మరక కాదు. పొడి. కోసిన మొహాన్ని బోర్లా పెట్టి తీస్తే దాని అంచులకున్న పొడి గాజు మీద మిగిలిపోయింది.

“ఫొటో తీయించండి సీఐ గారూ. ముందు ఫొటో.”

కానిస్టేబుల్ ఫొటో తీశాడు. సీఐ దగ్గరికి వచ్చి చూశాడు. అతని మొహంలో వెటకారం పోయింది గాని పట్టు పోలేదు.

“కోసిన పెన్ను ఇక్కడ పెట్టారు. సరే. పెట్టింది ఎర్రిబాబు ఉన్నప్పుడే అయి ఉండొచ్చుగా?”

“జిరాక్స్ మెషీన్‌లో పెట్టింది జిరాక్స్ తియ్యడానికే కదండీ. తీస్తే కాగితం ఎక్కడ?”

“కాగితమేదీ దొరకలేదు.”

“మీరు వెతికింది పెన్ను కోసం.”

బీరువా పక్క అరలో అట్ట వేసిన పెద్ద పుస్తకం ఉంది. పోలీసులు దాన్ని తిప్పి చూసి, పెన్నుల జాబితా అని పక్కన పెట్టేశారు. సుప్రియ దాన్ని బల్ల మీద, రక్తం అంటని వైపు, తెరిచింది. పెన్నుకో పేజీ. ప్రతి పేజీలో ఆ పెన్నుతోనే రాసిన నాలుగు వరసలు. దేంతో చేసింది, ఎవరు చేశారు, ఎవరి దగ్గర కొన్నది, మొదటిసారి రాసినప్పుడు చేతికి ఎలా అనిపించింది. గుండ్రటి చేతిరాత. ఉల్క పెన్ను పేజీలో “బరువు. కాని పాళీ నీళ్లలా జారింది” అని ఉంది. ఎర్రిబాబు చేసిన మొదటి లక్క పెన్ను పేజీలో “వీడి చేతిలో ఏదో ఉంది” అని ఉంది. ఆ మాట ఆమె పైకి చదివింది. ఎర్రిబాబు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

నూట నలభై నాలుగో పేజీ తిప్పగానే రెండు కాగితాలు జారాయి.

ఒకటి పేపర్ కటింగ్. ఒడిశా సరిహద్దు అడవిలో చచ్చిపోయిన మగ ఏనుగు, దంతాలు మొదలంటా కోసుకుపోయారని వార్త. తారీఖు మూడు నెలల కిందటిది.

రెండోది నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం. విప్పింది. కాగితం నిండా బూడిదరంగు వృత్తం. చిన్న మొహాన్ని నాలుగింతలు పెద్దది చేసి తీసిన జిరాక్స్. దాని నిండా వలలాగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే సన్నటి గీతలు. మూడుచోట్ల ఆ గీతల వెంబడి నల్లసిరాతో, స్కేలు పెట్టి గీసి, కోణం కొలిచి అంకె వేశారు. నూట పద్దెనిమిది. నూట ఇరవై ఒకటి. నూట ఇరవై నాలుగు. కింద ఆయన గుండ్రటి చేతిరాత.

‘ఇది మామత్ కాదు. ఏనుగు. ఈమధ్య చచ్చిన ఏనుగు.’

సీఐ వంగి ఆ గీతలు చూశాడు.

“నాకు అర్థమయ్యేలా చెప్పండి,” అన్నాడు సీఐ.

“దంతాన్ని అడ్డంగా కోస్తే లోపల ఈ గీతలుంటాయి. మామత్ దంతంలో ఇవి కోసుకునే కోణం తొంభైకి లోపు. ఏనుగు దంతంలో నూట పదిహేను దాటుతుంది. నున్నగా మెరుగుపెట్టిన పెన్ను మీద అది తెలీదు. కోసి చూడాలి. ఆయన కోయించింది అందుకే. తను ప్రాణంగా చూసుకున్న పెన్ను ఒక ఏనుగుని చంపి తెచ్చిందా కాదా అని తెలుసుకోవడానికి.”

“సరే. తెలుసుకున్నాడు. అంతమాత్రాన వీడు చంపలేదని కాదుగా?”

“ఆ మెయిన్ స్విచ్ ఒకసారి కట్టేయమనండి.”

కానిస్టేబుల్ కిందికి వెళ్లి కట్టేశాడు. రెండు క్షణాలకి ఇన్వర్టర్ అందుకుంది. ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. సుప్రియ జిరాక్స్ మెషీన్ బటన్ నొక్కింది. దీపం లేదు, చప్పుడు లేదు. ప్లగ్ తీసి గదిలో ఉన్న మరో సాకెట్‌లో పెట్టి నొక్కింది. అక్కడా అంతే.

“ఈ గదిలో ఇన్వర్టర్ మీద నడిచేవి లైటూ ఫ్యానూ మాత్రమే. ఎర్రిబాబు ఇంట్లో ఉన్నది పదకొండు నుంచి పదకొండు ఇరవై ఐదు దాకా. ఆ సేపంతా కరెంటు లేదు. ఈ కాగితం పుట్టింది పదకొండూ నలభై ఐదు తర్వాత. తీసి, స్కేలు పెట్టి, మూడుచోట్ల కోణాలు కొలిచి, రాసి, మడతపెట్టి పుస్తకంలో పెట్టింది చచ్చిపోయిన మనిషి కాదు. ఎర్రిబాబు వెళ్లాక కనీసం అరగంట సేపు మూర్తిగారు బతికే ఉన్నారు.”

“వెనక సందులోంచి మళ్లీ వచ్చి ఉండొచ్చు. వెనకమెట్ల వైపు కెమెరా లేదు.”

“పదకొండు యాభై రెండుకి బస్సులో ఉన్నాడని చెప్పింది మీరే. ఇక్కడినుంచి కాంప్లెక్స్‌కి నడిస్తే ఎంతసేపు?”

సీఐ కిటికీలోంచి వీధి వైపు చూశాడు.

“పావుగంట,” అన్నాడు.

“కరెంటు వచ్చాక టికెట్ కొట్టేదాకా ఉన్నది ఏడు నిమిషాలు. మీరు పారిపోయాడనడానికి పెట్టిన సాక్ష్యమే వీణ్ణి కాపాడుతోంది.”

సాయిశ్రీనివాస్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఏదో రాసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మెడ ఎర్రబడింది. “మేడమ్, నేను అబద్ధం కేసు కట్టే మనిషిని కాను. నాకు కనపడినవాటితో కట్టాను.”

“నాకు తెలుసు. అందుకే మీ ఎదురుగానే వెతికాను.”

అతను కానిస్టేబుళ్లకి సైగ చేశాడు. వాళ్లు ఎర్రిబాబు చేతులు వదిలారు. ఎర్రిబాబు గోడకి జారగిలబడి కూర్చున్నాడు.

“ఇంకొకటి చూడండి,” అంది సుప్రియ పుస్తకం అతని వైపు తిప్పుతూ. “నూట నలభై మూడు పేజీల్లోనూ ఎవరి దగ్గర కొన్నారో పేరుంది. ఊరుంది. ఈ ఒక్క పేజీలో ఆ వరస ఖాళీ. మర్చిపోయే మనిషి కాదు. రాయకూడదనుకున్నాడు. ఈ దంతం తెచ్చినవాడు ఆయనకి బాగా దగ్గరవాడు. గురువమ్మని పిలవండి.”

గురువమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అరవై దాటిన మనిషి. శవాన్ని చూసిన గదిలోకి మళ్లీ అడుగుపెట్టలేకపోయింది. సుప్రియే బయటికి వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

“మంగళవారం ఏం వండేవు గురువమ్మా?”

“వంకాయ కూరండి. పప్పు. సారు.”

“ఎంతమందికి?”

“ముగ్గురికండి.”

“ఇంట్లో ఉన్నది అయ్యగారూ అమ్మగారే కదా. నువ్వు మధ్యాహ్నం ఇంటికెళ్లి తింటావని పొద్దున్న చెప్పేవు.”

గురువమ్మ మెట్ల వైపు చూసింది.

“మూడోది ఎవరికి?”

“నాకు తెల్దమ్మా. నన్ను అడక్కండి. అమ్మగారు ముగ్గురికి ఎయ్యమన్నారు, ఏసేను. పన్నెండవకుండానే నన్ను కూరల బజారుకి అంపేసేరు. ఒంటిగంటకొచ్చేను. అన్నం ఎవులూ ముట్టనేదు.”

“అది భయపడుతోంది. వదిలెయ్యమ్మా. నేను చెప్తాను.”

సత్యలక్ష్మి మెట్లెక్కి వస్తోంది. ఒక్కో మెట్టుకీ ఆగుతోంది. పైకొచ్చాక ఎవరి వైపూ చూడకుండా గదిలోకి వెళ్లి, భర్త కూర్చునే కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుంది.

“మూడో విస్తరి మా తమ్ముడికి. తాతబ్బాయికి. తుమ్మపాల నుంచి వచ్చేడు. బావ పన్నెండింటికి రమ్మన్నారని ముందురోజే నాతో చెప్పేడు. వెనకమెట్ల మీంచి ఎక్కేడు. ఎప్పుడొచ్చినా అలాగే ఎక్కుతాడు.”

“ఎన్నింటికమ్మా?”

“పన్నెండూ ఐదు. పాలు పొయ్యి మీద పెట్టి గడియారం చూసేను. పైన ఆయన గొంతు వినబడింది. ‘మూడింటికి ఫారెస్టు ఆఫీసుకి వెళ్తున్నాను. నువ్వే నాతో వచ్చి చెప్పేస్తే నీకు మంచిది’ అన్నారు. కోపంగా కూడా అనలేదు. బతిమాలుతున్నట్టు అన్నారు. తర్వాత ఏదో పడిన చప్పుడైంది. పన్నెండున్నరకి తమ్ముడు దిగేడు. అన్నం తినవేటిరా అన్నాను. బావ కునుకు తీస్తున్నాడు, లేపకు అన్నాడు. వాడి చొక్కాజేబులో తెల్లగా పెన్ను కనబడింది.”

“మీరు పైకి వెళ్లలేదా?”

“వెళ్లలేదు.” ఆమె కుర్చీ వీపుని ఇంకా గట్టిగా పట్టుకుంది. “వెళ్తే తెలిసిపోతుంది కదమ్మా. తెలియకుండా ఓ గంట కూర్చున్నాను. తర్వాత గురువమ్మని పంపించేను.”

సీఐ ముందుకొచ్చాడు. “ఈ మాట నాకు మంగళవారమే ఎందుకు చెప్పలేదమ్మా? ఏ పాపం తెలియనివాణ్ణి తీసుకెళ్లాను నేను.”

“వాణ్ణి నేను పెంచేను బాబూ. మా అమ్మ పోయేటప్పటికి వాడికి నాలుగేళ్లు. వాడి పేరు నా నోటితో చెప్పలేకపోయేను. ఎర్రిబాబుని తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకోనూ లేకపోయేను. అందుకే ఈవిడకి ఫోన్ చేసేను. నేను చెప్పకుండానే ఎవరైనా కనిపెడతారేమో అని.”

ఎర్రిబాబు లేచి, రెండు చేతులూ జోడించి ఆమె ముందు నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు. “అమ్మా, నాను కూడా ఓ తప్పు సేసేనమ్మా. అయ్యగారికి సెప్పనేదు.”

సుప్రియ అతని భుజం మీద చెయ్యి వేసింది. “ఏం తప్పు?”

“ఆ దంతంలో బెత్తెడు ముక్క మిగిలిందండి. అయిపోనాది అని అబద్ధం ఆడేను. మా సిన్నారి మెడలోకి పూస సేద్దామని ఇంట్లో ఎట్టుకున్నాను. మంగళవారం అయ్యగారు పెన్ను కొయ్యమన్నప్పుడు ఆ ముక్క సంగతి సెప్పుంటే సాలు, దాన్నే కోసి సూసేవోరు. పెన్ను బతికిపోను. సిగ్గేసి సెప్పలేకపోనానండి. దొంగ అంటారేమో అని.”

సుప్రియ మనసులో లెక్క వేసుకుంది. పెన్ను తాతబ్బాయి తీసుకుపోయాడు. కోసిన ముక్కా తీసుకుపోయాడు. ఈపాటికి రెండూ ఎక్కడో కాలిపోయి ఉంటాయి. నేల మీద మిగిలిన పొడి పరీక్షకి చాలకపోవచ్చు. ఆ ఏనుగుకీ అతనికీ ముడిపెట్టగలిగినది ఇక లోకంలో ఆ బెత్తెడు ముక్క ఒక్కటే.

“ఆ ముక్క సంగతి ఇంకెవరికి తెలుసు?”

“మా రత్నానికండి. మా ఇంటిది. మరెవులికీ తెల్దు.”

“నాకు తెలుసు,” అంది సత్యలక్ష్మి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“నిన్న నూకరత్నం వచ్చి నా కాళ్ల మీద పడింది. మా ఆయన ఈ ఇంట్లోంచి దొంగిలించింది ఆ ముక్కొక్కటేనమ్మా, తెచ్చి ఇచ్చేస్తాను, వదిలిపెట్టించండి అంది.” ఆమె కుర్చీ వీపు వదిలేసింది. “పొద్దున్న తొమ్మిదింటికి తమ్ముడు ఫోన్ చేసేడు. డిటెక్టివ్ వస్తోందట కదా, ఆ దంతంలో ఎక్కడైనా ఏమైనా మిగిలిందా అని అడిగేడు. ఏటో ఆలోచనలో ఉన్నాను. ఎర్రిబాబు ఇంట్లో ఓ ముక్క ఉందిరా అన్నాను.”

సీఐ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు. ఏటికొప్పాకకి దగ్గర్లో ఉన్న స్టేషన్ నుంచి జీపు పంపమని అతను అరుస్తుండటం వినబడుతోంది. టైము పదకొండూ పది. తుమ్మపాల నుంచి ఏటికొప్పాకకి కారులో గంటంపావు.

“మీ ఆవిడ నంబరు చెప్పు. తొందరగా.”

ఎర్రిబాబు చెప్పాడు. సుప్రియ స్పీకర్ పెట్టి ఫోన్ అతని నోటి దగ్గర పట్టుకుంది. అయిదుసార్లు మోగింది. ఆరోసారి ఎత్తింది.

“అలో?”

“రత్నం, నానే.”

“ఓలమ్మో, నువ్వా! వదిలేసేరేటి నిన్ను? బాబు సెప్పినట్టే అయ్యింది.”

“ఏ బాబు?”

“అమ్మగారి తమ్ముడు. తాతబ్బాయి బాబు. కారేసుకొచ్చేరు. ఆ ముక్క పోలీసులకి ఇత్తే నిన్ను వదిలేత్తారంట. ఆరే సొయంగా ఇత్తానన్నారు.”

సుప్రియ ఫోన్ దగ్గరికి వంగింది. “అమ్మా, నేను డిటెక్టివ్ సుప్రియని. ఆ ముక్క ఇవ్వకు. నువ్వు ముందు ఇంట్లోంచి బయటికి వచ్చెయ్. పక్కింటికి వెళ్లు.”

“ఇచ్చేసేనండి. జేబులో ఏసుకున్నారు.”

“సరే, ఇచ్చేస్తే ఇచ్చేసేవు. ఆయన వెళ్లిపోయేడా?”

“లేదండి, ఇక్కడే ఉన్నారు. ఈ ముక్క సంగతి నీకు తప్ప ఇంకెవులికి తెలుసు అనడిగేరు. ఎవులికీ తెల్దు బాబూ అన్నాను.” ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. అవతల ఇనుము చెక్కకి తగిలిన చప్పుడు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతు చిన్నదైపోయింది. “అమ్మా, ఈయనేటి, లోపలనుంచి గడియ ఏత్తన్నారు?”